ఆదివారం పప్పు, అయిదు రోజుల పోపులు

సందేహం: అమెరికా వచ్చి నాలుగు నెలలైంది. నేనూ మా రూమ్మేటూ ఆదివారం వారానికి సరిపడా వండి ఫ్రిజ్‌లో పెడుతున్నాం. బుధవారానికల్లా అవి నోట పెట్టబుద్ధి కాదు. బయట నుంచి తెప్పించుకుంటున్నాం, వండింది చెత్తబుట్టలో పోస్తున్నాం. దారేదైనా చెప్పండి.

జవాబు: బాబూ, పారబోసే కూర కంటే తెప్పించుకునే బిర్యానీ ఖరీదు ముందు లెక్క వెయ్యండి. డెలివరీ, టిప్పు కలిపితే మనిషికి పాతిక డాలర్లు ఎటూ పోవు. నాలుగు డబ్బాల పప్పుకు కావలసిన కందిపప్పు మూడు డాలర్లు దాటదు. వచ్చిన కొత్తలో ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చుకుని దిగులు పడతారు, సాయంత్రం ఆకలేసినప్పుడు మాత్రం ఆ లెక్క గుర్తుకు రాదు. మీరే కాదు, మేమూ అంతే.

మీరు ఎక్కువ వండటం తప్పు కాదు, ఆదివారమే వంట ముగించెయ్యడం తప్పు. నా మొదటి తప్పూ అదే: గిన్నెడు సాంబారు. ఉప్పు, పులుపు, కారం, పోపు అన్నీ పడ్డాక అది ఇక సాంబారే, ఇంకోటి కాలేదు. మూడో రోజుకు ముక్కలు చితికి, ఇంగువ వాసన పోయి, పులుపు ఒక్కటే మిగులుతుంది. అందుకని ఆదివారం సగం వంటే చెయ్యండి. పులుపు, కారం, పోపు ఏ పూటకు ఆ పూటే.

ముందు పప్పు. రెండు కప్పుల కందిపప్పు కడిగి అరగంట నానబెట్టండి. అయిదు కప్పుల నీళ్ళు, చిటికెడు పసుపు, చెంచా నూనె. నూనె వేస్తే నురుగు పొంగి మూత రంధ్రంలోకి రాదు. ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) అయితే హై ప్రెషర్ మీద 10 నిమిషాలు, ఆవిరి తనంతట తానే దిగేదాకా ఆగండి. మామూలు కుక్కరైతే నాలుగైదు కూతలు. టమాటాలు, చింతపండు పప్పుతోపాటు కుక్కర్లో పడేసేవాళ్ళున్నారు. పులుపు తగిలితే పప్పు మెత్తబడదు, పలుకు పలుకుగా ఉండిపోతుంది. అప్పుడు కుక్కర్ని తిట్టుకుంటారు. ఉడికాక మెదిపి, ఉప్పు కూడా వెయ్యకుండా కప్పున్నర చొప్పున నాలుగు డబ్బాలకు సర్దండి. రెండు ఫ్రిజ్‌లోకి, రెండు ఫ్రీజర్‌లోకి. చల్లారితే గట్టిపడుతుంది, పాడైందని కంగారు పడకండి, వేడి నీళ్ళు పోసి కలిపితే మామూలైపోతుంది.

ఈ డబ్బా ఒకరోజు పాలకూర పప్పు. గడ్డకట్టిన పాలకూర ప్యాకెట్లో సగం పచ్చిమిర్చితో బాణలిలో మగ్గించి, నీరు ఇగిరాక పప్పు కలపండి. పోపు వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్ర. ఇంకోరోజు పప్పుచారు. మూడు కప్పుల నీళ్ళలో చింతపండు రసం, ఉల్లిముక్కలు, ఫ్రోజెన్ మునక్కాడలు ఏడెనిమిది వేసి ముక్క ఉడికాక పప్పు పోసి పది నిమిషాలు మరగనివ్వండి. ఇక్కడ పోపు మెంతులు, ఇంగువ, కరివేపాకు. రెండూ ఒకే డబ్బాలోంచి వచ్చాయని తినేవాడు కనిపెట్టలేడు. మిగిలిన గట్టిపప్పు ఒక కప్పు ఉంటే, రెండు కప్పుల గోధుమపిండిలో వాము వేసి ఆ పప్పుతోనే కలిపెయ్యండి. అవసరమైతేనే నీళ్ళు చిలకరించాలి. ఆ చపాతీలు మర్నాటి లంచ్‌బాక్సులో కూడా మెత్తగానే ఉంటాయి.

చింతపండు దిమ్మ 200 గ్రాములు వేడినీళ్ళలో నానబెట్టి, చిక్కగా పిండి, ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించుకోండి. సీసాలో అమ్మే నల్లటి చింతపండు పేస్టు నాకు పడదు. ఒక చెంచా ఎక్కువైతే చారు రంగూ పోతుంది, రుచీ పోతుంది.

రెండోది ఉల్లి-టమాటా ముద్ద. దీని మీద ఒక గంట పెడితే రెండు వారాలు బతికిపోతారు. పెద్ద ఉల్లిపాయలు ఆరు సన్నగా తరిగి, అరకప్పు నూనెలో మధ్యస్థమైన మంట మీద అరగంట వేయించాలి. తొందరపడి మంట పెంచితే అంచులు మాడతాయి, లోపల పచ్చిగానే ఉంటుంది, ఆ పచ్చివాసన ముద్దలో చివరిదాకా పోదు. ఉల్లి గోధుమరంగుకు తిరిగాక అల్లం వెల్లుల్లి మూడు టేబుల్ స్పూన్లు, రెండు నిమిషాల తర్వాత 28 ఔన్సుల టమాటా డబ్బా ఒకటి. నూనె పైకి తేలేదాకా ఉడికించండి. డబ్బా టమాటాల్లో ఉప్పుంటుంది, లేబుల్ చూసుకోండి. ధనియాల పొడి, గరంమసాలా ఇప్పుడు వద్దు. వేస్తే ఏ కూర వండినా అదే వాసన. చల్లార్చి మఫిన్ ట్రే గుంటల్లో పోసి, గడ్డకట్టాక తీసి జిప్ సంచిలో వేసుకోండి. ఒక్కో ముద్ద అరకప్పు.

రెండు ముద్దలు, కప్పు నీళ్ళు, చెంచాన్నర ధనియాల పొడి, కారం, ఉప్పు, ఉడికించిన గుడ్లు నాలుగు: పదిహేను నిమిషాల్లో గుడ్డు కూర. గుడ్ల బదులు డబ్బా శనగలు వేసి పైన గరంమసాలా చల్లితే చోలే. గుడ్ల బదులు వంకాయలు వేసి, రెండు చెంచాల వేరుశనగ-నువ్వుల పొడి, ఐస్ ట్రేలో గడ్డకట్టిన చింతపండు ముక్క ఒకటి చేరిస్తే గుత్తివంకాయ పులుసుకు దగ్గరకొస్తుంది. పూర్తిగా అదే అని మీ అమ్మగారికి ఫోన్లో చెప్పకండి.

ఫ్రీజర్‌లో పెట్టకూడనిది బంగాళాదుంప. గడ్డకట్టి కరిగితే దుంప నీళ్ళు వదిలి పిప్పిలా అవుతుంది. ఈ సంగతి తెలియక పెద్ద గిన్నెడు కుర్మా పారబోసినవాణ్ణి నేను, ఆ డబ్బు ఇప్పటికీ గుర్తే. దుంపలు ఉడికించి తొక్క తియ్యకుండా ఫ్రిజ్‌లో ఉంచండి, మూడు రోజుల్లో వేపుడికో దోసెలోకో అయిపోతాయి. కొబ్బరి వేసిన కూరలు అన్నిటికంటే ముందు పాడవుతాయి, వాటిని ముందు తినెయ్యండి.

అన్నం దగ్గర మాత్రం పీనాసితనం పనికిరాదు. రాత్రి కుక్కర్ ఆపేసి, గిన్నె అలాగే వదిలేసి, పొద్దున్న తీసి ఫ్రిజ్‌లో పెట్టడం చాలామంది చేసే పని. ఉడికినా చావని బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు గది వేడిలో పెరుగుతాయి, అవి వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. పళ్ళెంలో పల్చగా పరచి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి. ఫ్రిజ్ 40 ఫారన్‌హీట్ లోపు ఉండాలి, వండినవి మూడు నాలుగు రోజులు. మిగతా నిబంధనలు యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) సైట్లో ఉన్నాయి, చూసుకోండి.

చల్లటి అన్నం మెతుకు బిగుసుకుని ఉంటుంది. అలాగే పులిహోర కలిపితే మెతుకు విరుగుతుంది, పులుపూ పట్టదు. ముందు చెంచా నీళ్ళు చిలకరించి, మూత పెట్టి మైక్రోవేవ్‌లో పొగలొచ్చేలా వేడి చేసి, గరిటె తిప్పకుండా పళ్ళెంలోకి వంచండి. రెండు చింతపండు ముక్కలు నూనె, పసుపు, ఉప్పుతో దగ్గరయ్యేదాకా ఉడికించి, వేరుశనగపప్పు, మినపప్పు, ఎండుమిర్చి పోపుతో అన్నం మీద పోసి, చేత్తో అడుగు నుంచి పైకి ఎత్తి కలపాలి. నిమ్మకాయ పులిహోరైతే పొయ్యి ఆపాకే రసం పిండాలి, మంట మీద పిండితే చేదెక్కుతుంది.

వీటన్నిటికీ రుచి పోపులోనే ఉంది, కొత్తవాళ్ళు చెడగొట్టేదీ అక్కడే. మన గ్యాసు పొయ్యి ఆపితే ఆగిపోతుంది. మీ అపార్ట్‌మెంట్లోని కరెంటు కాయిల్ పొయ్యి ఆపినా ఎర్రగానే ఉంటుంది. ఆవాలు చిటపటమన్న మొదటి క్షణంలోనే గిన్నెను పక్క బర్నర్ మీదికి జరపండి. ఆ మిగిలిన వేడికే జీలకర్ర, ఎండుమిర్చి వేగుతాయి. మెంతులు పది గింజలు చాలు, నల్లబడితే చారంతా చేదు. ఫ్రీజర్‌లోంచి తీసిన కరివేపాకు తడి తుడవకుండా వేస్తే నూనె మొహం మీదికి లేస్తుంది. పోపు పెట్టేముందు పైన ఫ్యాను వేసి, పడకగది తలుపు మూసి, చలికోట్లు లోపల పెట్టండి. కోటుకు పట్టిన పోపు వాసన ఆఫీసుదాకా వస్తుంది, డ్రైక్లీనింగ్‌కు మళ్ళీ పదిహేను డాలర్లు. పొగ అలారానికి మాత్రం ప్లాస్టిక్ కవరు తొడగకండి, లీజులో ఏముందో చదువుకోండి.

ప్రతి డబ్బా మీదా టేపు అంటించి తేదీ రాయండి. మర్చిపోయిన డబ్బా అంటే డబ్బులు గడ్డకట్టించి పారేసినట్టే. శుక్రవారం ఫోన్లో బిర్యానీ వెతికేముందు ఒకసారి ఫ్రీజర్ తలుపు తియ్యండి. రెండు ముద్దలు, ఒక పప్పు డబ్బా కనిపిస్తే ఆ రాత్రి గడిచిపోయినట్టే, శనివారం దుకాణంలో ఉల్లిపాయలూ పెరుగూ కొంటే సరిపోతుంది.