దుబాయి ప్రయాణానికి లెక్క వేసుకునే తీరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన టిక్కెట్టు చూశాను. హైదరాబాదులో ఉదయం పది గంటలకు బయలుదేరి దుబాయిలో పన్నెండున్నరకు దిగుతావు కాబట్టి ప్రయాణం రెండున్నర గంటలేనని మీ అమ్మతో అన్నావట. అది పొరపాటు. మన గడియారం దుబాయి గడియారం కంటే గంటన్నర ముందుంటుంది. టిక్కెట్టు మీద బయలుదేరే వేళను ఇక్కడి సమయంలోనూ, చేరే వేళను అక్కడి సమయంలోనూ వేస్తారు. అక్కడ పన్నెండున్నర అయ్యేసరికి ఇక్కడ రెండవుతుంది కనుక నువ్వు విమానంలో గడిపేది నాలుగు గంటలు. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ మధ్యాహ్నం రెండింటికి ఎక్కితే ఇక్కడ సాయంత్రం ఏడింటికి దిగుతావు. చూడటానికి ఐదు గంటలు, నిజానికి మూడున్నరే.

పోయేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు మూడున్నర ఎందుకంటే, విమానాలు ఎగిరే ఎత్తులో గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. దుబాయికి పోయే విమానం దానికి ఎదురీదుతుంది, మనవైపు వచ్చే విమానాన్ని అదే గాలి వెనుక నుంచి నెడుతుంది. చలికాలంలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

శంషాబాదు నుంచి దుబాయి విమానాశ్రయానికి భూగోళపు వంపు వెంట కొలిస్తే దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. కొన్నిచోట్ల దీన్నే సుమారు 1,380 నాటికల్ మైళ్లని చూపుతారు. ఒక నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు కాబట్టి, అంకె చిన్నదైందని దారి తగ్గిందనుకోకు. విమానం గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా పోతుంటే మూడు గంటల్లోనే చేరాలి కదా అని నువ్వు అడగవచ్చు. ఆ వేగం పై ఎత్తుకు చేరిన తరువాతి మాట. టిక్కెట్టులోని సమయం గేటు వదిలినప్పటి నుంచి అవతలి గేటుకు చేరేదాకా లెక్క. రన్‌వే దగ్గర వరుసలో ఆగడం, పైకి ఎక్కడం, దిగేముందు వేగం తగ్గించుకోవడం, దుబాయి వంటి రద్దీ విమానాశ్రయం మీద ఒక్కోసారి చుట్టు తిరగడం, అన్నీ అందులోనివే. పైగా విమానం తనకు కేటాయించిన గగనమార్గాల్లోనే పోవాలి గానీ, పటం మీద మనం గీసిన గీత వెంట పోదు.

వీటన్నిటికంటే నేను భయపడేది కరీంనగర్ నుంచి శంషాబాదు దాకా ఉన్న దారి గురించి. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాకా వచ్చి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కినా అది సుమారు 200 కిలోమీటర్లు, దాదాపు నాలుగు గంటలు, అంటే విమాన ప్రయాణమంత. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందు చేరాలి, చాలా విమానసంస్థలు గంట ముందే కౌంటరు మూసేస్తాయి. కాబట్టి పదింటి విమానానికి తెల్లవారుజామున మూడింటికే ఇల్లు కదలాలి. ముందురోజు రాత్రే నగరానికి చేరి పడుకుంటే ఇంకా మంచిది.

ఇకముందు ఎప్పుడైనా అర్ధరాత్రి దాటాక బయలుదేరే టిక్కెట్టు తీసుకుంటే తేదీని రెండుసార్లు చూసుకో. పన్నెండో తేదీ 00:40 అని ఉంటే పదకొండో తేదీ రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. నేను ఒకసారి పన్నెండో తేదీ రాత్రి సంచులతో సహా వెళ్లి, విమానం వెళ్లి దాదాపు ఒక రోజు గడిచిందని కౌంటరు దగ్గర తెలుసుకున్నాను. ఈ సంగతి మీ అత్తయ్య ఇప్పటికీ మరిచిపోనివ్వదు.

నిన్ను తీసుకెళ్లడానికి వచ్చే మీ అన్నకు దుబాయి సమయమే చెప్పు, టెర్మినల్ సంఖ్య కూడా చెప్పు. అక్కడ మూడు టెర్మినళ్లున్నాయి, రెండోది మిగతావాటికి రన్‌వేల అవతల ఉంటుంది.

ఇట్లు,
మీ మామయ్య