రైజెన్ 5 5600 మంచిదా, ఐ5-12400ఎఫ్ మంచిదా? పెండ్లి వీడియోల పనికైతే నా సలహా

జమ్మికుంటలో స్టూడియో ఉన్న అన్న అడిగింది ఇదీ: ఇన్నేళ్లూ ఆల్బమ్ డిజైనింగే చేశారు. ఈ సీజన్ నుంచి వీడియో మిక్సింగ్ కూడా సొంతంగా చేసుకుందామని కొత్త సిస్టమ్ కట్టిస్తున్నారు. ప్రాసెసర్‌గా ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600 తీసుకోవాలా, ఇంటెల్ ఐ5-12400ఎఫ్ తీసుకోవాలా అని అడిగితే షాపుకో మాట వినిపిస్తోందట. గ్రాఫిక్స్ కార్డు మాత్రం డబ్బులు చేతికొచ్చాక వేస్తారట.

అన్నా, ముందు ఆ చివరి మాట గురించి చెప్తాను. మీరు రాసిన రెండు ప్రాసెసర్లలోనూ లోపల గ్రాఫిక్స్ లేదు. కార్డు పెట్టేదాకా మానిటర్ మీద బొమ్మే రాదు. ఇంటెల్ పేరు చివర 'ఎఫ్' ఉంటే గ్రాఫిక్స్ లేని రకం. డెస్క్‌టాప్ రైజెన్ 5000లో అయితే నంబర్ తర్వాత 'జీ' ఉన్నవాటికే (జీ, జీటీ లాంటివి) గ్రాఫిక్స్ ఉంటుంది.

ఇక వేగం సంగతి. రెండూ 2022లో వచ్చినవే, రెండింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు, బేస్ పవర్ 65 వాట్లే. ఫొటోషాప్‌లో షీట్లు పరుస్తుంటే ఏది ఏ సిస్టమో మీరు గుర్తుపట్టలేరు. యూట్యూబ్ గ్రాఫులు చూసి టెన్షన్ పడకండి.

మిక్సింగ్‌లో తేడా తెలిసేది కెమెరా ఇచ్చే ఫైల్ దగ్గర. కెనాన్ ఆర్6, సోనీ ఏ7 4 లాంటి కెమెరాల్లో లాగ్ (రంగులు తర్వాత సరిచేసుకునేలా తీసే మోడ్) పెట్టి తీస్తే, సెట్టింగ్‌ను బట్టి 10 బిట్ 4:2:2లో, అంటే రంగు వివరం ఎక్కువుండేలా, హెచ్.265 అనే పద్ధతిలో బాగా కుదించిన ఫైళ్లు వస్తాయి. వాటిని విప్పి చూపించే హార్డ్‌వేర్ అన్నింటిలో ఉండదు. ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే వీడియో హార్డ్‌వేర్‌ను క్విక్ సింక్ అంటారు, డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అది ఈ ఫైళ్లను 11వ తరం నుంచి విప్పగలదు. ఎన్విడియా కార్డుల్లో అయితే 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. అది లేని సిస్టమ్‌లో భారమంతా కోర్ల మీదే పడుతుంది.

హన్మకొండలో నేను మిక్సింగ్ చేసే చోట రెండు రకాల సిస్టమ్‌లూ ఉన్నాయి. ఒకటి 5600, పాత గ్రాఫిక్స్ కార్డుతో. ఇంకొకటి ఐ5-12500. మూడు కెమెరాల తలంబ్రాల ఫుటేజ్ మొదటి దాంట్లో వేస్తే బ్యాండు చప్పుడు ముందుకు పోతుంది, బొమ్మేమో పెండ్లికూతురు దోసిలి ఎత్తిన దగ్గరే ఆగిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 100 శాతం. ప్రాక్సీలు (కటింగ్ కోసం చేసుకునే తేలిక కాపీలు) చేసుకుంటే గానీ కటింగ్ మొదలుపెట్టలేం, అవి తయారయ్యేసరికి రాత్రి గడిచిపోతుంది. అదే ఫుటేజ్ 12500లో మౌస్‌తో లాగితే చేతి వెంటే నడుస్తుంది. లగ్గాలు వరసగా ఉన్న మాఘంలో ఆ ఒక్క రాత్రి ఎంత విలువో మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే నా ఓటు 'ఎఫ్' లేని 12400కి, ఇంకొంచెం పెట్టగలిగితే 12500కి. కోర్లు అవే, కానీ 12400లోని యూహెచ్‌డీ 730కి వీడియో ఇంజిన్ ఒకటే ఉంటుంది, 12500లోని యూహెచ్‌డీ 770కి రెండు. మల్టీక్యామ్ (ఒకేసారి రెండు మూడు కెమెరాల ఫుటేజ్) చేసేవాళ్లకు ఆ రెండోది పనికొస్తుంది. కార్డు లేకుండానే పని మొదలుపెట్టొచ్చు కూడా.

తర్వాత కార్డు వేసినప్పుడు ఒకటి చూసుకోండి. చాలా బోర్డుల్లో కార్డు పెట్టగానే లోపలి గ్రాఫిక్స్ ఆగిపోతుంది. బయాస్‌లోకి (సిస్టమ్ ఆన్ అవుతుండగా తెరిచే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ఐజీపీయూ మల్టీ మానిటర్ ఆన్ చేయాలి. టాస్క్ మేనేజర్‌లో రెండు జీపీయూలు కనబడాలి. క్లిప్ ప్లే చేస్తే ఇంటెల్ దాంట్లో వీడియో డీకోడ్ గీత పైకి లేవాలి. లేవకపోతే క్విక్ సింక్ పని చేయట్లేదన్నమాట.

సోనీ కెమెరా అయితే ఇంకో మాట. దాని ఫైల్ ఫార్మాట్లలో ఎక్స్ఏవీసీ ఎస్ అంటే హెచ్.264. అందులో 4:2:2 పెడితే 12వ తరం క్విక్ సింక్ కూడా సాయం చేయదు. ఎక్స్ఏవీసీ హెచ్ఎస్‌లో, అంటే హెచ్.265లో తీయించండి.

మీ కెమెరా పాతదై, రంగు వివరం తక్కువుండే 8 బిట్ 4:2:0 ఫైళ్లే వస్తుంటే ఈ గొడవే లేదు. ఒక మామూలు గ్రాఫిక్స్ కార్డుతో కలిపి 5600 హాయిగా తీసుకోవచ్చు.

రైజెన్ 5 7600 తీసుకుంటే ముందుముందు అప్‌గ్రేడ్‌కు బాగుంటుందని కొందరు అంటారు. నిజమే, ఇంటెల్ 12వ తరం బోర్డులో 14వ తరం దాటి ఏదీ పట్టదు. కానీ 7600కి డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. 12400కి డీడీఆర్4 బోర్డు దొరుకుతుంది, పాత సిస్టమ్‌లో డీడీఆర్4 ర్యామ్ ఉంటే అదే వాడుకోవచ్చు. సింగిల్ స్టిక్ మాత్రం వద్దు, 16 జీబీవి రెండు వేయించండి. యూపీఎస్ ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో పెట్టుకోండి, రెండర్ సగంలో ఉండగా కరెంటు పోతే మళ్లీ మొదటికే.

హన్మకొండలో కొన్నా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లినా, మీ కెమెరాతో తీసిన రెండు నిమిషాల క్లిప్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, డబ్బు కట్టే ముందు అక్కడి సిస్టమ్‌లో ప్లే చేయించి చూడండి. కెమెరా మోడల్, సెట్టింగ్ ఇక్కడ రాస్తే ఏ ఫార్మాట్ వస్తుందో నేనే చెప్తాను.