ముందు ఎంజైమ్ సంగతి చూడు

చిరంజీవి వాసంతికి, ఆశీస్సులు.

పండ్ల రసాలు మందుల జీవక్రియను ఎలా మారుస్తాయో చూసే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషమేసింది. కానీ మొదటి వారంలోనే రసాలన్నీ పరీక్షించేస్తానని రాశావే, అది మాత్రం నచ్చలేదు. ముందు నీ సైటోక్రోమ్ పీ450, అదే మందుల్ని మార్చే ఎంజైమ్, బాగుందో లేదో తేల్చుకో. మైక్రోసోమ్స్‌కి (ఈ ఎంజైమ్ ఉండే కణపు పొరల ముక్కలకి) డైథయొనైట్ అనే క్షయకరణి కలిపి, కార్బన్ మోనాక్సైడ్ పట్టించి, ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే స్పెక్ట్రమ్ తియ్యి. శిఖరం 450 నానోమీటర్ల దగ్గర రావాలి. 420 దగ్గర లేచిందంటే ప్రోటీన్ చెడిపోయినట్టే, ఆ బ్యాచ్ మీద ఆశ వదులుకో. మైనస్ 80 డిగ్రీల్లో దాచినదాన్ని మాటిమాటికీ కరిగించి గడ్డకట్టించకు. చిన్నచిన్న ట్యూబుల్లో పంచి పెట్టుకో.

గ్రేప్‌ఫ్రూట్ కథ నీకు తెలిసే ఉంటుంది. కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద ఆల్కహాల్ ప్రభావం చూడాలనుకుని, దాని రుచి తెలియకుండా ఈ రసం కలిపి ఇచ్చింది. మందు రక్తంలో అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా తేలింది. 1989లో ఆ సంగతి ప్రచురించారు. రసంలోని ఫ్యూరానోకూమరిన్లు అనే పదార్థాలు, పేగు గోడలో మందుల్ని మార్చే సీవైపీ3ఏ4 అనే పీ450 ఎంజైమ్‌ని పనికిరాకుండా చేస్తాయి. అదీ ఎలా? ఆ ఎంజైమే వాటిని మార్చబోయి, మారిన పదార్థం చేతిలో తనే దెబ్బతింటుంది. పేగు కొత్త ఎంజైమ్ తయారు చేసుకునేదాకా ఆ లోటు తీరదు. రసం ఉదయం, మాత్ర సాయంత్రం అన్నంత మాత్రాన గండం గడవదు.

అందుకే, అన్నీ ఒకేసారి కలిపి కొలిస్తే ఇలాంటి పదార్థం బలహీనంగా కనిపించి నిన్ను ఏమారుస్తుంది. రసాన్ని, ఎంజైమ్ పనిచెయ్యడానికి కావలసిన ఎన్ఏడీపీహెచ్‌ని అరగంట ముందే ఎంజైమ్‌తో కలిపి ఉంచు. పక్కనే ఎన్ఏడీపీహెచ్ లేని ట్యూబు కూడా పెట్టు. రెండింటి ఐసీ50 (ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే గాఢత) పోల్చి చూస్తే గుట్టు బయటపడుతుంది. ఈ ఒక్క ప్రయోగానికి ఎన్ని రోజులు పట్టినా తొందరపడకు. మీ గైడ్ విసుక్కున్నా సరే.

పదార్థాలను కరిగించే ద్రావకం డీఎంఎస్ఓ తక్కువే వాడు. సీవైపీ2ఈ1 అనే మరో పీ450 ఎంజైమ్ అయితే దానికి ఇట్టే లొంగిపోతుంది. రసం లేకుండా అంతే డీఎంఎస్ఓ ఉన్న కంట్రోల్ తప్పదు.

ఇక నాకు ఒళ్లు మండే విషయం ఒకటుంది. ట్యూబులో ఏదో ఆగిందని తెలియగానే "ఇది తింటే మందు పనిచెయ్యదు" అని పోస్టర్ వేసేస్తారు. పసుపులోని కర్కుమిన్ చూడు. ట్యూబులో చాలా ఎంజైములను ఆపుతుంది, నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది మాత్రం బహు తక్కువ. పైగా దానికి రంగూ ఉంది, ఫ్లోరెసెన్సూ (కాంతి పడితే తనే వెలిగే గుణం) ఉంది. ఫ్లోరెసెన్స్ పద్ధతిలో కొలిస్తే అంకెలే తారుమారవుతాయి. అనుమానమొస్తే అణువుల్ని బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో సరిచూడు.

పేగులో ఎంత గాఢత ఉంటుంది, రక్తంలో ఎంత, నువ్వు వాడినది ఎంత? ఈ మూడూ పక్కపక్కన రాసిన పట్టిక లేకుండా ఏ ఫలితమూ మీ గైడ్‌కి ఇవ్వకు. మొదటి పట్టిక నాకూ పంపు, తీరిగ్గా చూస్తాను.

నీ పెదనాన్న