ఎస్జీటీలకు (సెకండరీ గ్రేడ్ టీచర్లకు) టీచర్ ఎమ్మెల్సీ ఓటు ఎందుకు లేదు?

అడ్డు రాజ్యాంగంలోనే ఉంది. 171(3)(సి) అధికరణ ప్రకారం శాసనమండలిలో దాదాపు పన్నెండో వంతు సీట్లు ఉపాధ్యాయులవి (ఏపీలో 5, తెలంగాణలో 3). ఓటు మాత్రం సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో బోధించేవాళ్లకే. అందుకే ప్రాథమిక పాఠశాల ఎస్జీటీ పాతికేళ్లు పాఠం చెప్పినా ఈ జాబితాలోకి రారు. సంఘాలు ఎన్ని వినతిపత్రాలిచ్చినా, ఇది రాష్ట్రం జీవో ఇచ్చి మార్చగలిగేది కాదు. పార్లమెంటే మార్చాలి. డిగ్రీ అయి మూడేళ్లు దాటితే పట్టభద్రుల ఓటుకు ఫారం 18 పెట్టుకోవచ్చు.

అర్హత ఉన్నవాళ్ల ఓట్లూ గల్లంతవుతుంటాయి. పాత జాబితా కొనసాగదు, ప్రతిసారీ కొత్తగా తయారుచేస్తారు. కాబట్టి గత ఎన్నికల్లో ఓటేసినా మళ్లీ ఫారం 19 ఇవ్వాల్సిందే. అర్హత తేదీ నవంబర్ 1. దానికి ముందు ఆరేళ్లలో కలిపి మూడేళ్లు బోధించినట్టు హెచ్‌ఎం ధ్రువపత్రం జతచేయాలి.

ఇక బూత్‌లో వాళ్లిచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్నుతోనే మీ మొదటి ప్రాధాన్య అభ్యర్థి పేరు ఎదుట 1 అని అంకె వేయాలి. మిగతావాళ్లకు 2, 3 వేయడం మీ ఇష్టం. టిక్కు పెట్టినా, సంతకం చేసినా చెల్లదు. పిల్లల పేపర్లు దిద్దే చేతికి టిక్కు అలవాటు, అక్కడే జాగ్రత్త.