మళ్ళీ మొదటి నుంచి చదవనక్కరలేదు

ప్రశ్న: నాకు 44 ఏళ్ళు. కోనసీమలో ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. కాపురానికి వచ్చిన నాటి నుంచి రోజూ ఉదయం దీపం పెట్టి విష్ణు సహస్రనామం చదువుకుంటాను. కొంతకాలంగా మనసు నిలవడం లేదు. ఒక నామానికీ మరో నామానికీ మధ్య కుక్కర్ కూతలు, అబ్బాయి ఇంటర్ ఫీజు, బడి నుంచి వచ్చే మెసేజీలు దూరుతున్నాయి. మనసు పక్కకు పోయిందని తెలియగానే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాను. ఒక్కోరోజు మూడు నాలుగుసార్లు అలా జరిగి, అరగంటలో అయ్యేది గంటన్నర పడుతోంది. మా అత్తగారు తుంటి ఎముక విరిగి 8 నెలలుగా మంచం మీదే ఉన్నారు. నేను పీట మీద కూర్చోగానే పిలుస్తారు, వెళితే ఏమీ లేదంటారు. ఆవిడ జారిపడిన రోజు ఉదయం నేను సహస్రనామం సగంలో ఆపేసి బడికి వెళ్ళాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మావారేమో "చిత్తశుద్ధి లేని శివపూజలేలరా" అని నవ్వుతారు. దేవుడి మీద మనసు నిలిచే దారి చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మనసు నిలవడం లేదని మీరు రాశారు గానీ, మిమ్మల్ని అలసట పాలు చేస్తున్నది అది కాదని నాకు అనిపించింది. మనసు చెదరడం పూజకు కూర్చున్న ప్రతివారికీ ఉన్నదే. చెదిరినందుకు మీకు మీరు వేసుకుంటున్న శిక్ష వేరు, ఆ శిక్ష వెనుక దాగి ఉన్న భయం వేరు. ఉత్తరం చివర ఒక్క వాక్యంలో, ఎవరికీ చెప్పలేదంటూ రాసిన ఆ ఉదయం సంగతే మీ ప్రశ్నకు అసలు మొదలని నా ఉద్దేశం. దాని దగ్గరికి తరువాత వస్తాను.

ముందుగా, మీరు ఇన్నేళ్ళుగా చదువుతున్న ఆ పుస్తకం చివరి పేజీలు ఒకసారి తెరవండి. "యదక్షర పదభ్రష్టం మాత్రాహీనం తు యద్భవేత్" అనే శ్లోకం కనిపిస్తుంది. అక్షరం జారినా, పదం తప్పినా, మాత్ర తగ్గినా మన్నించమని నారాయణుణ్ణి వేడుకోవడం అది. పూజ ముగిస్తూ అక్షతలూ నీళ్ళూ పళ్ళెంలో విడిచేటప్పుడు "మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం జనార్దన" అని కూడా అంటాము. ఆ మూడో మాట దగ్గర కాస్త ఆగండి. మంత్రం తప్పింది, తంతు తప్పింది అని ఒప్పుకోవడం ఎవరికైనా తేలికే. భక్తే లేకుండా చేశాను, దీనిని కూడా పరిపూర్ణమైనదిగా నీవే చేసుకో అని దేవుడి ముఖాన చెప్పడం సామాన్యమైన విషయం కాదు. ఆ మాటను పెద్దలు మనసు చెదిరిన రోజున మాత్రమే చెప్పమనలేదు, ప్రతిరోజూ పూజావిధానంలో భాగంగానే చెప్పించారు. కూర్చున్నవారి మనసు పొయ్యి మీదకూ, పశువుల కొట్టం మీదకూ, బాకీల మీదకూ పోతుందని తెలిసే ఆ ఏర్పాటు చేశారు. మీరు రోజూ ఆ శ్లోకం చదువుతూనే, అందులో దొరికే మన్నింపును మాత్రం పుచ్చుకోకుండా పీట మీద నుంచి లేస్తున్నారు.

అర్జునుడంతటివాడే మనసును పట్టి నిలపడం గాలిని పట్టి నిలపడమంత కష్టమని గీత ఆరో అధ్యాయంలో మొరపెట్టుకున్నాడు. అదే అధ్యాయం 26వ శ్లోకంలో, నిలకడలేని ఈ మనసు ఎటు ఎటు పరుగెత్తితే అటు అటు నుంచి దానిని మళ్ళించి తీసుకురమ్మని ఉంది. ఎన్నిసార్లు అన్న లెక్క అక్కడ లేదు. పోయినందుకు దండన లేదు, మొదటికి వెళ్ళమన్న మాట అసలే లేదు. ముప్పైసార్లు పోయిన మనసును ముప్పైసార్లూ తెచ్చుకున్నారంటే, ఆ ఉదయం మీరు ముప్పైసార్లు దేవుణ్ణి తలచుకున్నారని నేను లెక్క వేస్తాను.

కనుక రేపటి నుంచి ఒకే ఒక్క మార్పు చేయండి. మనసు ఎక్కడ జారినా, జారిందని తెలిసిన చోటనే వేలు పెట్టి, ఆ నామం నుంచే ముందుకు సాగండి. మధ్యలో వదిలిపోయిందేమో అనిపించిన నాలుగు శ్లోకాల కోసం వెనక్కు తిరగవద్దు. మా అమ్మమ్మ కవ్వం తిప్పుతూ కేశవ నామాలు చెప్పుకునేది. పెరట్లోకి పక్కింటి గేదె వస్తే "హోయ్, పో!" అని అదిలించి, మళ్ళీ "గోవిందా" దగ్గరే అందుకునేది. గేదె వచ్చినందుకు ఆవిడ కేశవుడి దగ్గరికి తిరిగి వెళ్ళడం నేను ఎన్నడూ చూడలేదు.

మొదట్లో ఇది మీకు చాలా కష్టంగా ఉంటుంది. వెనక్కు వెళ్ళకపోతే ఏదో జరిగిపోతుందన్న గుబులు గొంతు దాకా వస్తుంది. రానివ్వండి. దానికి లొంగి వెనక్కు వెళితే అప్పటికి నెమ్మదిస్తుంది గానీ, మరునాడు మరింత బలంగా వస్తుంది. లొంగకుండా సాగిపోతే కొన్ని రోజులకు దానంతట అదే పలచబడుతుంది. అలా కాక, ఎంత ప్రయత్నించినా ఆగలేకపోతున్నా, తాళం వేశానా లేదా అని పదేపదే చూడడం, చేతులు మళ్ళీ మళ్ళీ కడగడం వంటివి కూడా తోడైనా, మానసిక వైద్యులను ఒకసారి కలవండి. ఉత్తరం చూసి జబ్బు పేరు పెట్టడం నా పని కాదు. కానీ ఇటువంటి పునశ్చరణ కొందరిలో ఓసీడీ, అంటే ఒకే ఆలోచనా ఒకే పనీ వద్దన్నా పదేపదే వెంటాడే మానసిక సమస్య, లక్షణం కావచ్చు, దానికి మంచి చికిత్స ఉంది, అది భక్తిలో లోపమేమీ కాదు. వెంటనే వెళ్ళడం కుదరకపోతే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక ఆ ఉదయం సంగతి. మీరు సగంలో ఆపినందువల్ల అత్తగారు పడలేదమ్మా. సహస్రనామానికి ఫలశ్రుతి ఉంది. నిత్యం విన్నవారికీ కీర్తించినవారికీ అశుభం కలగదని అది ఓదారుస్తుంది. మధ్యలో ఆపినవారి ఇంట ఎముకలు విరుగుతాయని అందులో ఎక్కడా లేదు. అభయంగా చెప్పిన మాటను మీరు తిరగేసి బెదిరింపుగా చదువుకున్నారు. వయసు మళ్ళిన ఆడవారి ఎముకలు గుల్లబారి ఉంటాయి. తడి గచ్చు, పట్టుకోవడానికి ఆసరా లేని గోడ, తెల్లవారుజాము చీకటి, ఇవి చాలు తుంటి విరగడానికి. ఆవిడ మళ్ళీ అడుగు వేసే నాటికి స్నానాల గదిలో గోడకు పట్టుకునేందుకు ఒక కమ్మీ, మంచం దగ్గర నుంచి అక్కడి దాకా ఒక చిన్న దీపమూ ఏర్పాటు చేయించండి. మీ భయానికి చేతనైన ప్రాయశ్చిత్తం ఏదైనా ఉంటే అది ఇదే. ఆ ఉదయం మాట మీ వారితో కూడా చెప్పండి. ఎనిమిది నెలలు ఒంటరిగా మోసిన మాట అది.

మీ వారు చదివే పద్యం గురించి కూడా ఒక మాట. వేమన కసిరింది పైకి ఆచారం చూపుతూ లోపల కల్మషం దాచుకున్నవారిని. మనసు చెదిరిందని బాధపడి మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టే మనిషికి చిత్తశుద్ధి లేదనడం పద్యానికే అన్యాయం. పైగా ఆ పద్యం రెండో పాదంలో "భాండశుద్ధి లేని పాకమేల" అని కూడా ఉంది. ఉదయం గిన్నెల పనీ, పాలు పొంగకుండా చూసే పనీ ఆయన తీసుకుంటే రెండో పాదానికి కూడా న్యాయం జరుగుతుందని నా మాటగా చెప్పండి. నవ్వుతూనే చెప్పండి గానీ, పని మాత్రం నిజంగానే అప్పగించండి. ఆ అరగంట పొయ్యి మీ బాధ్యత కాదని మీ చెవికి తెలిస్తే, కుక్కర్ కూతలు లెక్కపెట్టడం అదే మానేస్తుంది.

ఫోను విషయంలో మాత్రం నేను కొంచెం కఠినంగానే ఉంటాను. సహస్రనామం ఫోనులో పెట్టుకుని దానితోపాటు చదువుతున్నారేమో మీరు రాయలేదు. ఈ రోజుల్లో చాలామంది అలాగే చేస్తున్నారు, తెర పై నుంచి జారే ప్రతి మెసేజీనీ నామాలతో కలిపి చదువుతున్నారు. ఫోను ముందుగదిలో ఉండనివ్వండి. పసుపు మరకలు అంటిన పాత పుస్తకం చేతిలోకి తీసుకోండి. ప్రధానోపాధ్యాయులకు ఏడు గంటల లోపల మీ జవాబు అందకపోతే బడి మూతపడదు.

అయితే ఇంట్లో మనుషుల పిలుపును ఫోను పిలుపుతో కలిపి ఒకే గాటన కట్టకండి. పండరిపురంలో పాండురంగడు ఇటుక మీద, నడుముకు చేతులు పెట్టుకుని నిలబడి ఉంటాడు గదా. పుండలీకుడు తల్లిదండ్రుల సేవలో ఉండగా దేవుడే వాకిట్లోకి వచ్చాడు. సేవ పూర్తయ్యేదాకా దీని మీద నిలబడమని ఇటుక విసిరితే, స్వామి అలాగే నిలబడ్డాడని కథ. దేవుడి కోసం మనుషులను ఆపడం మనకు అలవాటైన నియమం. మనుషుల కోసం దేవుణ్ణి ఆపితే ఆయన కోపగించలేదు సరికదా, ఆ నిలుచున్న తీరులోనే ఇన్ని వందల ఏళ్ళుగా పూజలందుకుంటున్నాడు. అత్తగారు పిలిచినప్పుడు పుస్తకంలో వేలు ఉంచి లేవండి, వచ్చి ఆ వేలు దగ్గరే అందుకోండి.

బడి ఉన్న రోజున అంత సేపు కూర్చోవడమే కుదరకపోవచ్చు. ఆ ఇబ్బందిని కూడా ఎవరో మీకన్నా ముందే అడిగి పెట్టారు. మీ పుస్తకంలోనే ఉత్తర పీఠికలో పార్వతి శివుణ్ణి, ఈ వేయి నామాలనూ పండితులు తేలికగా ఏ ఉపాయంతో నిత్యం చదువుతున్నారని అడుగుతుంది. "శ్రీరామ రామ రామేతి" అని ఆయన చెప్పిన జవాబు ఒక్క శ్లోకం. ఎటూ తీరిక లేని రోజున ఆ శ్లోకం చెప్పుకుని, దీపానికి దణ్ణం పెట్టి బస్సెక్కండి. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే మరోసారి చెప్పుకోండి. తరగతిలో నల్లబల్ల మీద తేదీ రాసే ఆ రెండు క్షణాల్లో ఒక నామం తలచుకోండి, పిల్లలకు తెలియనక్కరలేదు. ఇటువంటివి రోజుకు నాలుగైదు చాలు. ఇరవై పెట్టుకుంటే వాటికీ లెక్క, ఆ లెక్క తప్పితే మళ్ళీ మొదటికీ వస్తారు. మీ స్వభావం ఉత్తరంలో తెలుస్తూనే ఉంది.

చివరగా, మీ అత్తగారి పిలుపు. మీరు కూర్చున్నప్పుడే పిలుస్తారనీ, వెళితే ఏమీ లేదంటారనీ రాశారు. మీరు కాపురానికి రాకముందు ఆ పూజగదిలో పీట మీద కూర్చున్నది ఎవరు? బహుశా ఆవిడే. మీకు ఈ సహస్రనామం అలవాటైనది కూడా ఆవిడ దగ్గరేనేమో. ఎన్నో ఏళ్ళు తన చేతుల మీదుగా దీపం వెలిగిన గది పక్కనే ఇప్పుడు ఆవిడ లేవలేక పడుకుని, గోడ అవతల నుంచి మీ గొంతు ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ ఉండడం వింటున్నారు. ఏమీ లేదన్నది నిజమే కావచ్చు. ఆవిడకు కావలసినది మంచినీళ్ళు కాకపోవచ్చు.

దీపం యథాస్థానంలోనే వెలిగించి, పుస్తకం పట్టుకుని వెళ్ళి ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుకుని చదివి చూడండి. మంచం పట్టిన మనిషి గదిలో చదవవచ్చా అన్న శంక వద్దు. ఈ వేయి నామాలూ ధర్మరాజుకు చెప్పిన భీష్ముడు అప్పుడు అంపశయ్య మీద ఉన్నాడు. ఫలశ్రుతి కూడా నిత్యం వినేవాడిని ముందు చెప్పి, ఆ తరువాతే కీర్తించేవాడిని చెప్పింది. మీ మనసు మధ్యలో బడికి వెళ్ళిపోతే, ఆవిడకు నోటికి వచ్చి ఉంటుంది కనుక తరువాతి నామం ఆవిడే అందిస్తారు. ఒక మండలం రోజులు అలా చేసి, అందించారో లేదో నాకు రాయండి.