అనస్థీషియాలో మొదటి తరం డాక్టర్లు, మహిళలు హెడ్ స్థాయికి రావాలంటే విభాగం ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ అనస్థీషియా (మత్తు) విభాగంలో ఇంట్లో మొదటి డాక్టర్లు, చిన్న ఊళ్లవాళ్లు, ఆడపిల్లలు పీజీ రెసిడెంట్లుగా బాగానే చేరుతున్నారు. పదేళ్లు పోయాక చూస్తే హెడ్ కుర్చీలో, పరీక్షల బోర్డులో, గైడ్‌లైన్ కమిటీలో వాళ్లు కనిపించడం లేదు. ఒక మెంటరింగ్ ప్రోగ్రామ్, రెండు రోజుల లీడర్‌షిప్ వర్క్‌షాప్ పెడితే సరిపోతుందా అని.

సరిపోదు. అలాంటి వర్క్‌షాపుల్లో నేనూ కూర్చున్నాను. స్లైడ్లు బాగుంటాయి, సర్టిఫికెట్ చేతికిస్తారు, సోమవారం పొద్దున వచ్చేసరికి మళ్లీ అదే ఆపరేషన్ థియేటర్, అదే రోస్టర్ (ఎవరికి ఏ కేసు, ఏ డ్యూటీ అని రాసే షీటు).

నా సంగతి చెప్తాను. మా ఇంట్లో డాక్టర్ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. పీజీ మొదటి ఏడాదిలో ఒక కేసు ప్రెజెంట్ చేయాల్సి వచ్చింది. అడ్రినల్ గ్రంథిలో గడ్డ, ముట్టుకుంటే బీపీ ఎగిసిపడే రకం. దాని పేరు ఫియోక్రోమోసైటోమా. పుస్తకంలో ఆ మాట ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, చెవితో మాత్రం ఒక్కసారీ వినలేదు. కూడబలుక్కుని "ఫాయో... క్రోమో..." అని ఏదో అన్నాను. వెనక వరసలో కిసుక్కున నవ్వారు. బీపీ మందుల్లో ఆల్ఫా బ్లాకర్ ముందు మొదలుపెట్టాలి, బీటా బ్లాకర్ అవసరమైతే ఆ తర్వాతే, తారుమారైతే బీపీ ఇంకా పెరిగిపోతుందని నేను సరిగ్గానే చెప్పాను. అది ఎవరికీ గుర్తులేదు, నవ్వు మాత్రం చాలామందికి గుర్తుంది. ఆ తర్వాత ఆరు నెలలు మీటింగుల్లో నోరు విప్పలేదు. ఏడాది చివర నా అసెస్‌మెంట్ కాగితం మీద ఇలా ఉంది: "చేతి పని బాగుంది. నాయకత్వ లక్షణాలు తక్కువ."

డాక్టర్ల ఇళ్లలో పెరిగినవాళ్లు ఈ మాటలన్నీ చిన్నప్పటి నుంచి వింటూనే ఉంటారు. వాళ్ల తప్పేమీ లేదు. కానీ ఆ చనువునే మనం "నాయకత్వ లక్షణం" అని కాగితం మీద రాసేస్తున్నాం, చిక్కంతా అక్కడే.

సలహాలకు నాకెప్పుడూ కొదవ లేదు. కాన్ఫిడెంట్‌గా ఉండు, ఇంగ్లీషు బాగుచేసుకో, నలుగురితో కలువు. నన్ను నిజంగా ముందుకు తోసింది మాట సాయం. సలహా మన ముందు చెప్తారు, మాట సాయం మనం లేనిచోట చేస్తారు. ఒక సీనియర్ మేడమ్ ఫ్యాకల్టీ మీటింగ్‌లో, "ఈ మూడు నెలలు రోస్టర్ ఆ అబ్బాయి వేస్తాడు, తప్పులొస్తే నన్నడగండి" అన్నారట. ఆ మాట నాకు చాలా రోజుల తర్వాత ఇంకొకరి ద్వారా తెలిసింది. ఆవిడ నాతో అన్నది ఒక్కటే: "పెన్సిల్‌తో వెయ్యి, పెన్ వాడకు."

రోస్టర్ అంటే గుమాస్తా పని అనుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా. పాత షీట్లు ముందేసుకుని కూర్చుంటే విషయం తెలిసింది. గుండె ఆపరేషన్లు, పసిపిల్లల కేసులు, ఊపిరికి గొంతులో ట్యూబు వేయడం కష్టమయ్యే మెడ, దవడ కేసులు, అన్నీ అదే ముగ్గురి పేర్ల పక్కన. మిగతావాళ్లకు హెర్నియాలు, ఎమ్మారై గదిలో మత్తు, రాత్రి డ్యూటీలు. ఎవరూ కూర్చుని కుట్ర చేయలేదు. సర్జన్ ఫోన్ చేసి "ఫలానా అతన్ని పంపండి" అంటాడు, రోస్టర్ వేసే మనిషి గొడవెందుకని పంపేస్తాడు. పెద్ద కేసులు చేసినవాడికి చెయ్యి తిరుగుతుంది, చెయ్యి తిరిగినవాణ్ణే మళ్లీ పిలుస్తారు. అయిదేళ్లకు దాన్నే మెరిట్ అంటాం.

నేను అందరికీ వంతులు వేశాను. మొదటి వారమే ఇద్దరు సర్జన్లు మండిపడ్డారు. ఆ ఫోన్లు నా దాకా రాలేదు, మేడమ్ దగ్గరే ఆగిపోయాయి. అలాగని నా పని ఆవిడ చేసిపెట్టలేదు. కొత్తవాళ్లను పెద్ద కేసులో పెట్టినప్పుడు పక్కన ఎవరుండాలి, ఎవరు ఎవరితో పడరు, ఎవరు సెలవు అడగడానికి మొహమాటపడి జ్వరంతోనే వస్తారు, ఇవన్నీ రబ్బరుతో చెరిపి రాసి, చెరిపి రాసి నేర్చుకున్నాను. విభాగం ఎలా నడుస్తుందో నాకు మొదటిసారి అప్పుడు తెలిసింది.

ఇది కొత్త సమస్యేం కాదు. అమెరికన్ అనస్థీషియా డాక్టర్ వర్జీనియా ఆప్గార్ పేరు తెలియని వైద్యుడు ఉండడు. ఆవిడ సర్జన్ కావాలనుకుంది. ఆడవాళ్లకు అందులో బతుకుదెరువు కష్టమని న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో సర్జరీ పెద్దాయన అలెన్ విపుల్ ఆవిడను అనస్థీషియా వైపు మళ్లించాడు. 1938 నుంచి అక్కడ అనస్థీషియా డివిజన్‌ను ఆవిడే నిలబెట్టి నడిపింది. 1949లో అది పూర్తి స్థాయి డిపార్ట్‌మెంట్ అయ్యాక హెడ్ పదవి ఇమాన్యుయెల్ పేపర్‌కు వెళ్లింది. ఆవిడకు ప్రొఫెసర్ హోదా ఇచ్చారు, ఆ కాలేజీలో ఫుల్ ప్రొఫెసర్ అయిన మొదటి మహిళ ఆవిడే. ప్రసూతి గదుల్లో పనిచేస్తూ 1952లో బిడ్డ పుట్టగానే పరిస్థితిని అంచనా వేసే ఆప్గార్ స్కోరు తయారుచేసింది, 1953లో అచ్చయింది. కథ సుఖాంతంలాగే వినిపిస్తుంది. కానీ పదకొండేళ్లు ఇల్లు కట్టిన మనిషికి తాళాలు ఎందుకివ్వలేదన్న ప్రశ్న అలాగే ఉంది. మీ విభాగంలో కూడా తాళాలు ఎవరి దగ్గరున్నాయో చూడండి. కమిటీ సభ్యత్వాలూ శాలువాలూ లెక్కలోకి రావు.

ఆప్గార్ స్కోరు గురించే ఇంకో మాట. అందులో అయిదో అంశం ఒంటి రంగు. "ఒళ్లంతా గులాబీ రంగు" అని ఉంటే రెండు మార్కులు. నల్లటి బిడ్డల్లో మనం పెదవులు, నాలుక, అరచేతులు, అరికాళ్లు చూస్తాం, పుస్తకంలోని వాక్యం మాత్రం తెల్ల బిడ్డను దృష్టిలో పెట్టుకుని రాసిందే. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సిమీటర్ కథ కూడా అలాంటిదే. 2020 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మిషిగన్ పరిశోధకుల బృందం ఒక విశ్లేషణ ఇచ్చింది. మీటర్ 92 నుంచి 96 శాతం మధ్య చూపిస్తున్నప్పుడు రక్తపరీక్షలో నిజానికి 88 లోపు ఉన్నవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. మన స్పెషాలిటీలో రోజంతా కళ్లప్పగించి చూసేది ఆ అంకెనే. నల్లటి ఒంట్లో రీడింగ్ తేడా వస్తుందన్న సంగతి అంతకు చాలా ఏళ్ల ముందే అచ్చులో ఉంది, అయినా వాడకంలో పెద్దగా ఏమీ మారలేదు. పరికరాల ప్రమాణాలు రాసే బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారన్నది రోగి ప్రాణానికి సంబంధించిన విషయం. ఈ పిల్లలు పైకి రావడం వాళ్ల మీద మనం చూపించే దయ అనుకునేవాళ్లకు నేనిదే చెప్తాను.

ఇప్పుడు నేను చేసిన తప్పు. యూనిట్ నా చేతికొచ్చాక ఒక రెసిడెంట్ అమ్మాయికి డిఫికల్ట్ ఎయిర్‌వే ట్రాలీ (ట్యూబు వేయడం కష్టమైనప్పుడు వాడే పరికరాల బండి) బాధ్యత ఇచ్చాను. తనూ ఇంట్లో మొదటి డాక్టరే. ట్రాలీ సొరుగులు తెరిచి చూస్తే బూజీ (ట్యూబుకు దారి చూపే సన్నని కడ్డీ) అట్టడుగు సొరుగులో, పాత ట్యూబుల కింద ఉంది. ఊపిరి అందనప్పుడు చెయ్యి వెళ్లే వరసలో సొరుగులు సర్దింది. ఒక్కో దాని మీద పెద్ద అక్షరాలతో లేబుల్ అంటించింది. ఫోటో తీసి నాకు పంపి, "సర్, మీ సంతకంతో నోటీసు పెడితే అందరూ చూస్తారు" అని అడిగింది. సరేనన్నాను. మర్చిపోయాను.

నాలుగు రోజుల తర్వాత రాత్రి ఒక కన్సల్టెంట్ అలవాటు ప్రకారం కింది సొరుగు లాగాడు. బూజీ లేదు. టెక్నీషియన్ వెంటనే పై సొరుగులోంచి తీసిచ్చాడు, పేషెంట్‌కు ఏమీ కాలేదు. మర్నాడు మీటింగ్‌లో మాత్రం అరగంట సేపు ఆ అమ్మాయిని నిలబెట్టి కడిగేశారు. "ఎవరిని అడిగి మార్చావు?" అంటే తను నా వైపు చూసింది. నేను చేతిలో ఉన్న ఫైలు వైపు చూశాను.

సాయంత్రం వెళ్లి తనకు సారీ చెప్పాను. తను "పర్లేదు సర్" అంది, ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఫియోక్రోమోసైటోమా రోజు నాదీ అదే గొంతు. గదిలో పదిమంది ముందు మింగేసిన మాటకు చాటుగా చెప్పిన సారీ ఎందుకూ పనికిరాదు. అందుకని తర్వాతి మీటింగ్‌లో అందరి ముందే నోటీసు ఆలస్యం నాదేనని చెప్పి, అక్కడికక్కడే సంతకం పెట్టాను. ట్రాలీ తను సర్దినట్టే ఉంది. కానీ తను మీటింగుల్లో మళ్లీ మాట్లాడటానికి చాలా కాలం పట్టింది, అది నా ఖాతాలోనే ఉంది.

కాబట్టి మీ విభాగంలో ఎవరికైనా బాధ్యత ఇస్తే దానితోపాటు సంతకం, కొంత డబ్బు మీద అధికారం, తప్పు జరిగితే ముందుకొచ్చే ఒక సీనియర్ పేరు, ఈ మూడూ కాగితం మీద ఇవ్వండి. ఆ పని కోసం వారంలో సగం రోజైనా థియేటర్ డ్యూటీ తగ్గించండి. లేకపోతే వాళ్లు రాత్రి డ్యూటీ చేసి, పగలు మీ కమిటీ మినిట్స్ రాసి, పరీక్షకు చదవలేక వెనకబడతారు. వైవిధ్యం (డైవర్సిటీ) కమిటీ అనగానే ప్రతిసారీ ఆ ఒక్క అమ్మాయినే కూర్చోబెట్టడం కూడా మానాలి. తనకు మెషీన్ల కొనుగోలు కమిటీ ఇవ్వండి, పరీక్షల బోర్డు ఇవ్వండి. అసెస్‌మెంట్ ఫారంలో "నాయకత్వ లక్షణాలు" అన్న గడి కొట్టేసి, ఏ పని అప్పగించాం, ఏం చేశారు అని రెండు వాక్యాలు రాయించండి.

ప్రమాణాలు పడిపోతాయని ఎవరో ఒకరు అంటారు. వంతుల రోస్టర్ అప్పుడు నాతోనూ అన్నారు. పెద్ద కేసులు చేయగలిగినవాళ్లు ముగ్గురే ఉన్న విభాగంలో అందులో ఇద్దరు ఒకేసారి సెలవు పెడితే ఏమవుతుందో అడగండి.

వర్క్‌షాప్ సంగతి తర్వాత చూడొచ్చు. ముందు కిందటి ఆరు నెలల రోస్టర్లు బయటికి తీసి, పెద్ద కేసుల పక్కన ఎవరి పేర్లున్నాయో పెన్సిల్‌తో టిక్కులు పెట్టండి. ఒక మధ్యాహ్నం పని. టిక్కులు పెట్టేది మీరు ఒక్కరే కాకుండా, రాత్రి డ్యూటీలు ఎక్కువ పడ్డ రెసిడెంట్‌ను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.