గెట్: మూడక్షరాలు, ఇంటెడు చాకిరీ

పోయిన సంచికలో ‘వచ్చే నెల ఒకే ఒక్క ఇంగ్లిషు క్రియ గురించి మాట్లాడుకుందాం, ఏది కావాలో మీరే రాయండి’ అన్నాను. ‘రన్’ గెలుస్తుందనుకున్నాను. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు లెక్క తేల్చి దానికి 645 అర్థాలున్నాయన్నారు మరి. కానీ ఎక్కువ ఉత్తరాలు ‘గెట్’ మీద వచ్చాయి. నాకు సంతోషమే. ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పే రోజుల్లో స్టాఫ్ రూములో దీని మీద చాలా వాదనలు చేశాను. వ్యాసంలో ‘గెట్’ కనిపిస్తే మార్కు కోసే సహోద్యోగి ఒకాయన ఉండేవారు. క్లాసులో ఎవరైనా అల్లరి చేస్తే మాత్రం ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట ‘గెట్ అవుట్’.

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. నోట్సులో ‘గెట్ అంటే పొందుట’ అని రాసుకున్నాడు. పరీక్షలో ‘ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్’ వస్తే ‘అది చీకటిని పొందుచున్నది’ అని రాశాడు. టీచరు కొట్టేశారు. వాడికి ఎలా చెప్పాలి మేడమ్? – ఒక గృహిణి, తెనాలి

వాణ్ణి ఏమీ అనకండమ్మా. వాడు నేర్పినట్టే రాశాడు. తప్పు ఆ ‘పొందుట’ది. మన ఇళ్ళలో ఎవరమైనా రోజుకు ఒక్కసారైనా ‘పొందుట’ అంటామా?

‘నాకు ఉద్యోగం వచ్చింది’ అంటాం. ‘ఐ గాట్ ఎ జాబ్.’ జ్వరం వచ్చింది, కోపం వచ్చింది, ఉత్తరం వచ్చింది, నెలకు ముప్పై వేలు వస్తాయి. ఇన్నిట్లోనూ ఇంగ్లిషువాళ్ళు వాడేది గెట్టే. తేడా ఒక్కటే. మన వాక్యంలో జ్వరమే నడిచి వస్తుంది, నేను ‘నాకు’ అని ఒక పక్కన కూర్చుంటాను. ఇంగ్లిషులో ‘నేను’ కర్తనై ముందు నిలబడతాను, జ్వరం నా వెనక చేరుతుంది. వాక్యాన్ని అలా తిరగేయడం అలవాటైతే సగం గెట్ వచ్చేసినట్టే.

మిగిలిన సగానికి, గెట్ తర్వాత ఏముందో చూడమనండి. వస్తువు పేరుంటే వచ్చు, దొరుకు, తెచ్చు, కొను. వీటిలో ఒకటి అతుకుతుంది. ‘గెట్ మీ సమ్ వాటర్’ అంటే కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టు. గుణం చెప్పే మాట ఉంటే ‘అవు’, లేదా దానికి తెలుగులో అలవాటైన క్రియ. ‘గెటింగ్ ఓల్డ్’ ముసలివాళ్ళవడం, ‘గెటింగ్ డార్క్’ చీకటి పడడం, ‘గెటింగ్ లేట్’ ఆలస్యమవడం. చోటు ఉంటే చేరడం: ‘ఐ గాట్ హోమ్ ఎట్ నైన్’ అంటే తొమ్మిదింటికి ఇంటికి చేరాను. అర్థాల జాబితా బట్టీ పట్టించకండి. ‘దాని పక్కన ఎవరున్నారు?’ అని అడగడం నేర్పండి.

ఒక్క జాగ్రత్త. మనకు ‘వస్తోంది’ అనే రూపం మీద మోజు ఎక్కువ. అందుకే ‘ఐ యామ్ గెటింగ్ థర్టీ థౌజండ్ శాలరీ’ అనేస్తాం. ప్రతి నెలా వచ్చేదానికి ‘ఐ గెట్’ చాలు.

స్పోకెన్ ఇంగ్లిషు క్లాసుకు వెళ్తున్నాను. నిన్న అక్కడ ‘ఐ కట్ మై హెయిర్’ అన్నాను. అందరూ నవ్వారు. ఎందుకో చెప్పలేదు. – ప్రైవేటు ఉద్యోగి, కూకట్‌పల్లి

మీరే అద్దం ముందు నిలబడి కత్తెర పట్టుకుని కత్తిరించుకున్నారని అర్థం వచ్చింది బాబూ. అలా చేసుకునేవాళ్ళూ ఉన్నారు, కాదనను. మంగలి షాపులో చేయించుకుంటే ‘ఐ గాట్ మై హెయిర్ కట్’ అనాలి.

ఇది మనకు చాలా తేలిగ్గా రావలసిన విషయం. తెలుగులో ‘ఇంచు’ అనే ప్రత్యయం ఉంది. కుట్టాను వేరు, కుట్టించాను వేరు. చేశాను వేరు, చేయించాను వేరు. ఇంగ్లిషు క్రియకు అలాంటి తోక లేదు, ఆ పని గెట్ చేస్తుంది. జాకెట్ కుట్టించాను అనడానికి ‘ఐ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్’. ‘ఐ స్టిచ్డ్ ఎ బ్లౌజ్’ అంటే మీ ఇంట్లో మిషను ఉందన్నమాట. బండి రిపేరు చేయించడం, ఫోటో తీయించుకోవడం, ఆధార్‌లో అడ్రసు మార్పించుకోవడం, అన్నీ ఈ కోవలోవే. ముందు వస్తువు, దాని తర్వాత క్రియకు మూడో రూపం.

మనిషి చేత చేయించినప్పుడు మాత్రం మధ్యలో ‘టు’ వస్తుంది. ‘ఐ గాట్ హిమ్ టు సైన్.’ ఇందులో ఇంకో రుచి కూడా ఉంది. బతిమాలో, నచ్చజెప్పో, నాలుగుసార్లు తిరిగో సంతకం పెట్టించానన్న ధ్వని వస్తుంది. ‘ఐ హ్యాడ్ హిమ్ సైన్’ అంటే ఆ శ్రమ వినిపించదు, చెప్పాను పెట్టాడు, అంతే. ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకు మొదటి వాక్యమే పనికొస్తుంది.

గెట్, ఫర్గెట్ ఈ రెంటికీ సంబంధం ఉందా? అసలు ఈ మాట ఎక్కడిది? – డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

ఉంది తల్లీ. మంచి ప్రశ్న వేశావు, దీనికి కాస్త తీరిగ్గా చెప్తాను.

793లో ఇంగ్లండ్ ఈశాన్య తీరాన ఉన్న లిండిస్‌ఫార్న్ దీవిలోని క్రైస్తవ మఠం మీద స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగులు పడి దోచుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం వాళ్ళు దోచుకుని వెళ్ళిపోయేవాళ్ళుగానే ఉన్నారు. తొమ్మిదో శతాబ్దంలో కొందరు వెళ్ళడం మానేసి దేశానికి తూర్పున, ఉత్తరాన భూములు దున్నుకుని కాపురాలు పెట్టారు. డెర్బీ, విట్బీ, గ్రిమ్స్‌బీ లాంటి ఊళ్ళ పేర్ల చివర ఉన్న ‘బీ’ వాళ్ళదే. మన ‘పల్లె’ లాంటిది. వాళ్ళు మాట్లాడిన భాషను పాత నార్స్ అంటారు. అందులో ‘గెటా’ అనే క్రియకు సంపాదించడం, బిడ్డను కనడం, ఊహించడం అనే అర్థాలుండేవి. ఇంగ్లిషువాళ్ళ ‘గెట్’ అక్కణ్ణుంచి వచ్చింది. ‘గెస్’ కూడా దానికి చుట్టమేనని పండితుల మాట.

ఒక్క గెట్టే కాదు. టేక్, ఎగ్, స్కై, విండో, నైఫ్ నార్స్ మాటలే. చివరికి ‘దే, దెమ్, దెయిర్’ కూడా. ఇది నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. మనం ఉర్దూ ద్వారా రైతు, జవాబు, ఖాళీ తెచ్చుకున్నాం గానీ ‘వాళ్ళు, వీళ్ళు’ అనే మాటలను తెచ్చుకోలేదు కదా! సర్వనామాలు కూడా అరువు తెచ్చుకున్నారంటే ఆ రెండు జనాలు సంతలో బేరాలతో ఆగలేదు, వియ్యం కూడా అందుకున్నారు.

మరి ఫర్గెట్ సంగతి. పాత ఇంగ్లిషులో ఈ ధాతువు ముందే ఉంది, కానీ ఒంటరిగా కాదు, ముందు ఒక ఉపసర్గ తగిలించుకుని తిరిగేది. ‘ఫర్’ తగిలితే పట్టు జారిపోవడం, అంటే మరచిపోవడం. ‘బి’ తగిలితే సంపాదించడం, తర్వాత బిడ్డను కనడం. అదే బిగెట్. అయితే అప్పటి ఇంగ్లిషువాళ్ళు ఆ మాటల్లోని ‘గ’ను ‘య’ అని పలికేవాళ్ళు, ‘ఫర్యెట్’ అన్నట్టుగా. నార్స్ వాళ్ళ పలుకుబడిలో గట్టి ‘గ’ ఉండేది, చివరికి అదే నిలిచింది.

ఈ ‘య’, ‘గ’ల తగాదా ఎన్నాళ్ళు సాగిందో తెలియాలంటే ఇంగ్లండ్‌లో మొదట అచ్చుయంత్రం పెట్టిన విలియం కాక్స్‌టన్ 1490లో ఒక పుస్తకం ముందుమాటలో రాసిన ముచ్చట చూడాలి. కొందరు వర్తకులు థేమ్స్ నది మీదుగా ఓడలో బయల్దేరి, గాలి లేక ఒడ్డున ఆగారు. ఒకాయన ఒక ఇంటికి వెళ్ళి తినడానికి ‘ఎగ్స్’ అడిగాడు. ఆ ఇల్లాలు ‘నాకు ఫ్రెంచి రాదు’ అంది. ‘నాకూ రాదు’ అని ఆయనకు కోపం. పక్కనున్న ఇంకొకాయన ‘ఐరెన్’ అని అడిగితే అప్పుడు తెలిసిందామెకు, కోడిగుడ్లని. ఎగ్ నార్స్ మాట, ఐరెన్ పాత ఇంగ్లిషు మాట. ఈరోజు లండన్‌లో ఐరెన్ అడిగితే ఎవరికీ తెలియదు.

ఇంకా వెనక్కి వెళ్తే లాటిన్‌లో ‘ప్రెహెండెరె’, అంటే పట్టుకోవడం, అనే మాటలోనూ ఇదే ధాతువు ఉందంటారు. దాన్నుంచి ఇంగ్లిషుకు కాంప్రిహెండ్ వచ్చింది, ప్రిజన్ కూడా వచ్చింది. కాబట్టి ‘ఐ గెట్ ఇట్’ అన్నా ‘ఐ కాంప్రిహెండ్’ అన్నా లోపల జరిగేది ఒకటే, పట్టుకోవడం. మనకూ అంతే. అర్థం కాకపోతే ‘అంతుపట్టలేదు’ అంటాం.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. గెట్‌కు మూడో రూపంగా ‘గాటెన్’ అంటుంది. మా స్కూల్లో అది తప్పని నేర్పారు. ఎవరిది రైటు మేడమ్? – డాలస్ నుంచి ఒక తల్లి

ఇద్దరిదీ రైటే. మీరు చదివింది బ్రిటిష్ పద్ధతి, మీ అమ్మాయిది అమెరికా పద్ధతి. అది కొత్త పోకడ మాత్రం కాదు. గాటెన్ పాతకాలపు ఇంగ్లిషే, అమెరికాకు వలస వెళ్ళినవాళ్ళు పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్ళారు. తర్వాత ఇంగ్లండ్‌లో అది దాదాపు వాడుక తప్పింది. ‘ఇల్‌గాటెన్’ (అక్రమంగా సంపాదించిన) అన్న మాటలోనూ, ఫర్గాటెన్‌లోనూ మాత్రం మిగిలింది. ఈమధ్య అక్కడి కుర్రకారు మళ్ళీ అంటున్నారు.

అమెరికావాళ్ళు దీనితో ఒక సూక్ష్మం సాధిస్తారు. ‘ఐ హావ్ గాట్ ఎ కార్’ అంటే నాకు కారు ఉంది. ‘ఐ హావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సంపాదించాను, కొన్నాను. బ్రిటిష్ ఇంగ్లిషులో రెంటికీ ఒకటే రూపం. ఇక్కడ పరీక్షలు రాసేవాళ్ళు ‘గాట్’తోనే ఉండండి. మీ అమ్మాయిని మాత్రం దిద్దకండి.

‘హీ వాజ్ కాట్’, ‘హీ గాట్ కాట్’. రెండూ పాసివ్ వాయిసేనా? తేడా ఏమిటి? – గ్రూప్స్ అభ్యర్థి, అనంతపురం

రెండూ పాసివే. తేడా తెలుగులో వినండి. ‘పట్టుకున్నారు’ అన్నది పోలీసుల మాట, ‘దొరికిపోయాడు’ అన్నది వీధిలో మాట. గాట్ కాట్‌లో ఆ ‘పోయాడు’ ఉంది. అనుకోనిదేదో మీద పడిందనో, కొంత వాడి స్వయంకృతమనో ఒక ఛాయ. మోసపోయాడు, తిట్లు తిన్నాడు, దెబ్బలు తిన్నాడు. ఇలాంటి చోట గెట్ బాగా ఒదుగుతుంది. మంచి జరిగినా వాడతారు: ‘షి గాట్ ప్రమోటెడ్.’ కానీ ‘ఈ వంతెన 1911లో కట్టబడింది’ లాంటి వాక్యంలో పెట్టకండి, ‘వాజ్ బిల్ట్’ అనే రాయండి. వంతెనకు అదృష్టం, దురదృష్టం ఏముంటాయి?

పరీక్షకు పనికొచ్చే మాట ఇంకోటి. ‘వాజ్’ను ముందుకు లాగి ప్రశ్న వేయవచ్చు, గాట్‌ను లాగకూడదు. ‘డిడ్ హీ గెట్ కాట్?’ అనాలి. పెళ్ళి విషయంలో ‘గాట్ మ్యారీడ్’ అంటే ఆ రోజు జరిగిన పెళ్ళి, ‘ఈజ్ మ్యారీడ్’ అంటే ఇప్పుడున్న స్థితి. రెంటికీ తర్వాత ‘టు’ వస్తుంది, ‘విత్’ కాదు.

లండన్ నుంచి వచ్చిన మా మేనేజరు నేను ‘గెట్ డౌన్ ఎట్ ది నెక్స్ట్ స్టాప్’ అంటే వింతగా చూశాడు. – విశాఖపట్నం

చూడనివ్వండి. అక్కడ బస్సు దిగడాన్ని ‘గెట్ ఆఫ్’ అంటారు, కారు దిగితే ‘గెట్ అవుట్’. ‘గెట్ డౌన్’ అంటే చెట్టు మీంచో నిచ్చెన మీంచో దిగడం. బ్రిటిష్ ఇళ్ళలో పిల్లలు భోజనం అయ్యాక బల్ల దగ్గర్నుంచి లేవడానికి ‘మే ఐ గెట్ డౌన్?’ అని అడుగుతారు కూడా. మన దేశమంతటా బస్సుకూ రైలుకూ ‘గెట్ డౌన్’ స్థిరపడిపోయింది. కండక్టరుతో అదే అనండి. లండన్ వెళ్ళినప్పుడు ‘గెట్ ఆఫ్’ అనండి. కారు ఆపి స్నేహితుణ్ణి దింపేటప్పుడు మాత్రం ఇక్కడ ‘గెట్ అవుట్’ అనకండి. గొడవైపోతుంది.

గెటప్, గెట్ టుగెదర్ అసలు ఇంగ్లిషేనా? – ఖమ్మం

నిక్షేపంగా. వేషానికి గెటప్ అనడం వాళ్ళ దగ్గరా ఉంది, కాకపోతే కాస్త ఎగతాళిగా అంటారు. మనం సినిమా వేషాలకు గౌరవంగానే అంటాం. టెన్త్ బ్యాచ్ గెట్ టుగెదర్‌కు ఏ దోషమూ లేదు, ఫ్లెక్సీ మీద నిక్షేపంగా వేయించండి.

ఆఫీసు మెయిల్స్‌లో గెట్ రాయవచ్చా? రాయకూడదని మా టీమ్ లీడ్ అంటున్నాడు. – సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

సాటి ఉద్యోగులకైతే హాయిగా రాయండి. ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ బై ఫ్రైడే’ కన్నా సూటైన వాక్యం నాకు తోచదు. దాని బదులు ‘ఐ షల్ రెవర్ట్’ అని రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. రెవర్ట్ అంటే పూర్వస్థితికి తిరిగిపోవడం. జవాబివ్వడమన్న అర్థం మన ఆఫీసుల్లో బాగా వాడుకైంది గానీ, బయటివాళ్ళలో చాలామంది తికమకపడతారు. కోర్టుకు, బ్యాంకుకు, యూనివర్సిటీకి రాసే దరఖాస్తుల్లో మాత్రం గెట్ పక్కన పెట్టి రిసీవ్, అబ్టెయిన్, బికమ్ వంటి వాటిలో తగినది వేయండి. ‘ఐ గాట్ యువర్ లెటర్’ అని కలెక్టరుకు రాయం కదా, ‘ఐ హావ్ రిసీవ్డ్’ అని రాస్తాం. అదే కలెక్టరు మీ పక్కింటి పిన్నిగారబ్బాయి అయితే, వాట్సాప్‌లో ‘గాట్ ఇట్’ చాలు.